కొబ్బరిచెట్టు మీద యుద్ధవిమానం

ఇప్పుడంటే పెళ్ళి వీడియోలు తీసే కుర్రాళ్ళ సంచిలో కూడా ఓ డ్రోను ఉంటోంది. భోజనాల పంక్తి మీద అది గుయ్యిమంటూ తిరుగుతున్నా తలెత్తి చూసేవాడు లేడు, ఎవరి విస్తరి గొడవ వాళ్ళది. ఆ రోజుల్లో అలా కాదు. మా రాజోలు వైపు ఊళ్ళలో కొబ్బరిచెట్టుకంటే పైకి వెళ్ళేవి కాకులూ, గాలిపటాలూ, ఇంటర్మీడియట్ చదివే మాబోటివాళ్ళ కబుర్లూ మాత్రమే. అందులో నా కబుర్లు మరీ పైన ఎగిరేవి. నేను విమానాల ఇంజనీర్ని అయిపోతున్నానని క్లాసులో చెప్పేను, బస్సు కండక్టరుకి చెప్పేను, మాకు పాలుపోసే ఆవిడకి కూడా చెప్పేను. చెప్పనిది ఒక్క మా నాన్నగారికే.

నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేటలో కొట్టు. నా ఇంటర్ అవ్వగానే నన్నా కొట్లో కూచోబెట్టాలని ఆయన ఎప్పుడో నిశ్చయించేసుకున్నారు. కాయని చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడుని బట్టి లోపల కొబ్బరి ఎలా ఉందో చెప్పడం నాకు పదో ఏటే నేర్పేరు. (ఇప్పటికీ చెప్పగలను. విమానాలు బాగుచేసే చోట ఈ విద్యతో పెద్ద పనుండదు.) నాకేమో కొట్లో కూచోవడమంటే ఒళ్ళు చచ్చిపోయేది. గంట కూచుంటే మూడుసార్లు కునికిపాట్లు పడేవాణ్ణి. "నీ చేతుల్లో చురుకు లేదురా" అనేవారు నాన్నగారు. నిజమే, లేదు.

మా కాలేజీలో ఫిజిక్స్ మేష్టారొకరు ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, సీసా అడుగంత మందం కళ్ళద్దాలతో ఉండేవారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు, మిగతా ఆరు రోజులూ విమానాల గురించి ఆలోచించేవారు. కువైట్లో నర్సుగా చేసే వాళ్ళ అక్కగారు ఓసారి సెలవులకొస్తూ, తమ్ముడు ముచ్చటపడుతున్నాడు కదా అని, బొమ్మ విమానాలు నడిపే రేడియో సామగ్రి తెచ్చిపెట్టేరు. చేతిలో పట్టుకుని బొటనవేళ్ళతో పుల్లలు కదిపే రిమోటు, విమానంలో పెట్టే రిసీవరు, తోకా రెక్కలూ కదిపే చిన్న చిన్న మోటార్లు. దాంతో మేష్టారికి నిద్ర పట్టడం మానేసింది. "నాకు దూరం చూపు ఆనదయ్యా. నేను లెక్కలు వేస్తాను, నువ్వు తోలు" అన్నారు నాతో. ఎడ్లబండి తోలమన్నంత మామూలుగా అన్నారు. నేను ఆయ్ అనేసేను.

చిన్న విమానంతో మొదలెట్టి చెయ్యి తిప్పుకోవడం నేర్చుకున్నాం. (అది ఓ రొయ్యల చెరువులో పడి ముగిసింది. ఆ చెరువుగల ఆసామీ ఏమన్నారో ఇక్కడ రాయను.) తరవాత పెద్దదానికి దిగేం. ఏదో పుస్తకంలో బొమ్మ చూసి, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటరు. ఈ కొసనుంచి ఆ కొసకి ఎనిమిదడుగుల రెక్కలు. వెదురు బద్దలతో గూడు కట్టి, దానిమీద థర్మోకోలు తొడిగేం. థర్మోకోలు ఎక్కడిదంటే రొయ్యలు ప్యాకింగు చేసే పెట్టెలది. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. మా ఇంటి పిల్లి తన సొంత ఊరు దొరికినట్టు దానిమీదే పడుకునేది. తలుపులకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూసేం. యుద్ధవిమానమన్నాక బాంబులుండాలి గనక రాలిన కొబ్బరి పిందెలకి నల్లరంగేసి రెక్కల కింద కట్టేం. అన్నీ కుదిరేయి, ఇంజనొక్కటే లేదు.

మా వసారాలో, పొలానికి మందుకొట్టే పవర్ స్ప్రేయరు ఒకటి వేలాడుతుండేది. వీపుకి తగిలించుకునేది. దాని ఇంజను మేష్టారు వేసిన లెక్కకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మందుకొట్టే రోజులు రాకముందే మళ్ళీ బిగించేద్దాం అనుకుని విప్పేసేను. ఖర్మ చాలక ఆ ఏడు వంగతోటకి పురుగు ముందే వచ్చింది.

నాన్నగారు ఖాళీ స్ప్రేయరు ఓ చేత్తో పట్టుకుని, మేం విమానం కట్టే పెరటి పాకలోకి వచ్చేరు. ఎనిమిదడుగుల రెక్కల్నీ, దాని ముక్కుకి బిగించిన తన ఇంజన్నీ, బాంబుల్నీ తీరిగ్గా చూసేరు.

"ఎవరిమీదకిరా యుద్ధం? అమలాపురం మీదకా?" అన్నారు.

ఇక దాచి లాభం లేదని మొత్తం కక్కేసేను. హైదరాబాదులో విమానాల మరమ్మతు చదువుందనీ, నాకు అదే కావాలనీ, కొట్లో కూచోలేననీ. ఆయన స్ప్రేయరు కింద పెట్టేరు. తరవాత బేరగాళ్ళతో మాట్లాడినట్టే ఖరాఖండీగా చెప్పేరు.

"దాళ్వా వరికోతలయ్యాక మన చేలో ఎగరేయ్. అందాకా వంగతోటకి అద్దె స్ప్రేయరుతో కొట్టిస్తాను. ఊరందరి ఎదురుగా. అది గాల్లోకి లేవాలి, ముక్కలవకుండా మళ్ళీ నేలమీదకి రావాలి. వస్తే హైదరాబాదు వెళ్దువుగాని. రాకపోతే మర్నాడు పొద్దున్నే అంబాజీపేట బస్సెక్కు. ఏది ఎలా అయినా నా ఇంజను మాత్రం సాయంత్రానికి స్ప్రేయర్లో ఉండాలి."

ఆ నెలరోజులూ నేనూ మేష్టారూ అన్నం సరిగా తిన్నది లేదు. విమానానికి అన్నిటికన్నా ముఖ్యం బరువు సమంగా ఉండటం. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే ముక్కువైపూ వాలకూడదు, తోకవైపూ వాలకూడదు. తోక బరువైతే ముక్కు లేచిపోయి, గాలి తప్పి, దబ్బున పడుతుంది. మాది తోకబరువు. అంతర్వేది నుంచి వచ్చే నా క్లాసుమేటు వాళ్ళ వలలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చిస్తే, ఒక్కొక్కటే ముక్కులో పెడుతూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ వారం రోజులకి సమం చేసేం. ఆ రోజు మేష్టారు విమానాన్ని రెండు వేళ్ళమీద నిలబెట్టి, "ఇప్పుడు దీనిమీద ఈగ వాలినా నేనొప్పుకోను" అన్నారు.

ఎగరేసే రోజు ఊరంతా చేలో ఉంది. నాన్నగారు గట్టుమీద కుర్చీ వేయించుకున్నారు. మేష్టారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేరు. అది అవుతూండగానే మా మామ్మ పళ్ళెంతో దిగింది. నాన్నగారికి అమ్మ, ఆవిడ మాటకి నాన్నగారే ఎదురు చెప్పరు. కొత్త బండి కొంటే ఏం చేస్తామో విమానానికి అవన్నీ చేసింది. పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అంతటితో ఆగితే బాగుణ్ణు. ఏడు నిమ్మకాయలూ, గుప్పెడు పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ ఒకటి తీసి, దిష్టి తగలకుండా తోకకి కట్టింది.

ఇక్కడ నేనో నిజం ఒప్పుకోవాలి. ఆ దండ కట్టడం నేను చూసేను. మేష్టారు చూడలేదు, ఆయనకి ఆనదు. ఏడు నిమ్మకాయలంటే వారం రోజుల సీసం గుళ్ళ పని గంగలో కలిసినట్టేనని నాకు తెలుసు. చెయ్యి చాపి దండ తీసెయ్యొచ్చు. తియ్యలేదు. మామ్మ బాధపడుతుందనా? అదీ ఉంది. అసలు సంగతి ఏమిటంటే, రెండేళ్ళు సైన్సు చదివి కూడా, ఆ క్షణంలో నాకు సీసం గుళ్ళకన్నా నిమ్మకాయల మీదే నమ్మకం కుదిరింది. అంత భయంగా ఉంది నాకు.

మేష్టారు తాడు లాగి ఇంజను స్టార్టు చేసేరు. పురుగుమందు వాసన గుప్పుమంది. విమానం వరి మోళ్ళు కొట్టేసి చదును చేసిన దారి మీద పరిగెత్తి, నేను వేలు కదపకముందే ముక్కెత్తి లేచిపోయింది. జనం మెడలు పైకెత్తేరు. ఆకుపచ్చ విమానం, నల్ల బాంబులు, వెనకాల ఊగుతూ నిమ్మకాయల దండ. ముక్కు దించుతూ నేను తంటాలు పడుతుంటే, అది పైకీ కిందకీ ఈదుతూ చేను చుట్టూ మూడుసార్లు తిరిగింది. రొయ్యల వాసనకి ఎక్కడెక్కడి కాకులూ దాని వెంట పడ్డాయి. ఓ క్షణం కుర్చీవైపు చూసేను. నాన్నగారు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు తెరిచి చూస్తున్నారు.

దిగడానికి మళ్ళించేను. వేగం తగ్గించగానే తోక బరువు తన పని తను చేసింది. ముక్కు లేచింది, రెక్కలు పట్టు తప్పేయి, విమానం పక్కకి జారుకుంటూ పోయి, మా గట్టుమీది కొబ్బరిచెట్టు మొవ్వులో, కమ్మల మధ్య మెత్తగా కూచుంది. ఇంజను ఆగిపోయింది. చిన్న గీత కూడా పడలేదు. గూట్లో పక్షిలా ఉంది.

"లేచింది, ఒప్పుకున్నాను. నేలకి రాలేదు" అన్నారు నాన్నగారు.

"చెట్టు నేలలోనే కదండీ ఉంది" అన్నారు మేష్టారు, వినయంగా.

"ఆయ్, చెట్టు నేలలోనే ఉందండి మేష్టారూ. విమానం చెట్టుమీదుంది."

"ముక్కలైతే అవలేదు కదండీ. జాగ్రత్తగా దింపిస్తే నేలకి వచ్చినట్టే లెక్కవుతుందేమో ఆలోచించండి."

నాన్నగారు ఆలోచించేరు. న్యాయం తప్పే మనిషి కాదు. "సరే, చెక్కుచెదరకుండా నేలమీద పెట్టండి చూద్దాం" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది.

దింపుల తాతని పిలిచేం. నలభై ఏళ్ళుగా మా తోటలో కొబ్బరికాయలు దింపేది ఆయనే. అరవై దాటినా కాళ్ళకి తాడు బందం వేసుకుంటే ఉడతలా పాకేసేవాడు. ఆయన నడుముకి పెద్ద తాడు చుట్టి, "తాతా, ఈ తాడు విమానానికి రెండు చోట్ల కట్టి, చంటిపిల్లని దించినట్టు మెల్లగా దించాలి" అని మూడుసార్లు చెప్పేను. మూడుసార్లూ "ఆయ్, అలాగేనండి బాబూ" అన్నాడు. ఎక్కేడు. పైన స్థిమితంగా కూచున్నాడు.

అయితే నలభై ఏళ్ళ అలవాటొకటుంది. చెట్టెక్కినవాడు ముందు మొవ్వు శుభ్రం చెయ్యాలి. ఎండు కమ్మ ఒకటి లాగి పడేసేడు. ముదురు కాయలు కనపడ్డాయి, ఎక్కినవాడు ఉత్త చేతుల్తో దిగుతాడా? "కింద తప్పుకోండోయ్" అని కేకేసి, కాయ మెలితిప్పి వదిలేడు. ఇంకో కాయ. ఇంకో కమ్మ. ఇంకో కాయ. చెయ్యి దాని దారిన అది పోతోంది, మనిషి మనతో లేడు. "తాతా, తాడు" అని అరిచేను. ఆ అరుపు ఆయన చెవిన పడేలోగా చేతికి తరవాత అందింది విమానం. దాన్నీ మెలితిప్పి వదిలేడు.

నేను కళ్ళు మూసేసుకున్నాను. అంబాజీపేట బస్సు కళ్ళకి కట్టింది.

చప్పుడు రాలేదు. ఉండుండి జనంలోంచి పెద్ద కేక లేచింది. కళ్ళు తెరిచేసరికి విమానం నాకు ఇరవై గజాల అవతల, చక్రాల మీద నిలబడి ఉంది. ఏం జరిగిందంటే, నిమ్మకాయల దండ కమ్మకి చిక్కుకుని చెట్టుమీదే ఉండిపోయింది. తోక బరువు దిగిపోయిన విమానం ముక్కు కిందకి పెట్టి దూకి, వేగం అందుకుని, నేలకి జానెడు దూరంలో ముక్కెత్తి, జనం మధ్యలోంచి జారుకుంటూ వచ్చి నిలబడిందట. చూసినవాళ్ళు చెప్పేరు. ఓ బాంబు మాత్రం రాలిపోయింది.

పైనుంచి దింపుల తాత, "అయ్యో, తాడు మర్చిపోయేనండి" అన్నాడు.

మేష్టారు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. "రిమోటు నీ చేతిలోనే ఉంది కదయ్యా, సరిగ్గా సమయానికి పుల్ల లాగి ముక్కెత్తేవు" అని. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నాన్నగారు కుర్చీలోంచి లేచి, విమానం చుట్టూ ఓసారి తిరిగి, "నేలమీదే ఉంది" అన్నారు. అంతే. సాయంత్రానికి ఇంజను విప్పించుకున్నారు. ప్రపంచ యుద్ధం చేసొచ్చిన ఆ ఇంజను మర్నాడు వంగతోటకి మందుకొట్టింది. జూన్లో నేను హైదరాబాదు వెళ్ళేను.

చదువైంది, ఉద్యోగమొచ్చింది, అసలైన విమానాల కిందే పడుకుని పనిచేస్తున్నాను. కానీ కడుపులో ఓ ముల్లు ఉండిపోయింది. ఊరంతా దింపుల తాత విసిరిన విసురే గొప్పదంటే, మేష్టారొక్కరే నా వేలు గొప్పదనేవారు. నిజం నాకొక్కడికే తెలుసు. కళ్ళు మూసుకున్నవాడు ఏం దించుతాడు? పదేళ్ళ తరవాత సెలవులకి వెళ్తే, పాడైపోయిన స్ప్రేయర్ని నాన్నగారు పాత ఇనుముకి వేసేస్తున్నారు. ఆ ఇంజను చూసేసరికి ఇక ఆపుకోలేకపోయేను.

"నాన్నగారూ, ఆ రోజు నేను కళ్ళు మూసేసుకున్నానండి. దాన్ని దించింది నేను కాదు."

"తెలుసు" అన్నారు ఆయన, ఇంజను తుడుస్తూ.

"తెలిసి ఎలా పంపేరండి మరి?"

"విమానాన్ని ఊరంతా చూస్తోంది కదా అని నేను నిన్ను చూసేనురా. కళ్ళు మూసేవు గానీ, నీ బొటనవేలు రిమోటు పుల్లని లాగుతూనే ఉంది. వేలు తెల్లబడిపోయింది. కొట్లో నీ చేతులు అలా పనిచెయ్యగా నేను ఒక్కనాడూ చూళ్ళేదు" అన్నారు. ఇంజన్ని ఇనుముకి వెయ్యలేదు. నా సంచిలో పెట్టేసేరు.

అది ఇప్పుడు నా బల్లమీద ఉంది. కాస్త దగ్గరగా వెళ్తే ఇంకా పురుగుమందు వాసనే. దాన్ని చూసినప్పుడల్లా చేలో నిలబడిన ఆ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు, కళ్ళు గట్టిగా మూసుకుని, అంబాజీపేట బస్సు తలుచుకుంటూ. వెనకనుంచి వెళ్ళి వాడి వీపు తట్టి, "కళ్ళు తెరవరా, దిగింది" అని చెప్పాలనిపిస్తుంది.