రెక్క మీద ఎర్రగీత

మా కోడలు డ్రోన్‌తో వరిచేలకు మందు కొడుతుంది. డ్వాక్రా సంఘం పంపిస్తే శిక్షణకు వెళ్ళి నేర్చుకుంది. నిడదవోలు చుట్టుపక్కల ఎవరు పిలిచినా మిషను ఆటోలో వేసుకుని ఇద్దరం వెళ్తాం. ట్యాంకులో మందు కలిపి పొయ్యడం, జనాన్ని దగ్గరికి రానివ్వకపోవడం నా పని. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పని కోసం వెళ్తున్నానని అందరూ అనుకుంటారు గానీ, నేను వెళ్ళేది భయంతో. ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం.

తిరిగే వస్తువంటే నాకు హడలు. మా ఆయన నూర్పిడి మిషను దగ్గరే పోయారు. తిరుగుతున్న బెల్టు తెగి వచ్చి గుండెల మీద కొట్టింది. నేను అక్కడే ఉన్నాను, చేత్తో చేట పట్టుకుని. ఆయన పడిపోయాక కూడా ఆ మిషను ఆడుతూనే ఉంది. ఎవరో వచ్చి ఆపారు. డ్రోన్ రెక్కలు చూస్తే పలచన, ఒంటి చేత్తో ఎత్తొచ్చు. తిరగడం మొదలెడితే కంటికి ఆనవు. కంటికి ఆనని కత్తితో మా పిల్ల రోజూ పొలంలో నిలబడుతోందన్నదే నా బాధ.

పోయిన దసరాకి ఆయుధపూజ చేశాం. ట్రాక్టరు కడిగినవాళ్ళు ట్రాక్టరు కడిగారు, మా కోడలు డ్రోన్ ముందేసుకుంది. రెక్కలన్నీ విప్పింది. స్క్రూల మరల్లో నీలంగా ఏదో గట్టిపడి ఉంటే మురికనుకుని పిన్నీసుతో గీకేసి, కిరసనాయిలుతో తుడిచింది. తుప్పు పట్టకూడదని కొబ్బరినూనె రాసి మళ్ళీ బిగించింది. పసుపు, కుంకుమ, బంతిపూలు. పెళ్ళికూతురిలా ఉంది మిషను.

పండగ వెళ్ళాక సార్వా పంటకి సుడిదోమ పడితే మందు కొట్టడానికి వెళ్ళాం. మిషను పైకి లేచింది. కాసేపటికి నాకు చెవిలో ఏదో తేడాగా అనిపించింది.

"ఏంటమ్మాయ్, మోత వేరేగా ఉంది?"

"గాలండి అత్తయ్యా. మీకు ఇంట్లో ఫ్యాను తిరిగినా భయవే."

గట్టు మీద కూర్చున్న చేను రైతు నవ్వాడు. "మీ అత్తగార్ని ఓసారి దానిమీద ఎక్కించి తిప్పమ్మా, భయం అదే పోద్ది."

ఎందుకైనా మంచిదని కోడలు మిషన్ని వెనక్కి తిప్పింది. అది మా వైపు వస్తుండగా టప్పుమని చప్పుడైంది. మిషను ఒక పక్కకు ఒరిగి చేలో పడిపోయింది. కోడలు రిమోటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఊడిన రెక్క పిల్ల పాదం పక్కన గట్టు మట్టిలో సగానికి దిగి ఉంది. నేను అరవబోయాను, నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చేట పట్టుకుని నిలబడ్డ ఆ రోజు కూడా అంతే. రైతు మళ్ళీ నవ్వలేదు.

కాకినాడ నుంచి మెకానిక్ వచ్చి, మిగిలిన స్క్రూ ఒకటి తీసి వాసన చూశాడు.

"ఇదేంటండి, కొబ్బరినూనె?"

"దసరా కదండి, పూజ చేశాం" అంది కోడలు.

"దణ్ణం పెట్టుకోండమ్మా, తప్పులేదు. స్క్రూలకి మాత్రం తలంటకండి."

ఆ నీలం రంగు మురికి కాదట. అదురుకి స్క్రూ వదులవకుండా పట్టుకునే జిగురట. జిగురు మళ్ళీ వేసి బిగించాడు. స్క్రూ తల మీది నుంచి పక్కనున్న లోహం మీదికి గోళ్ళరంగుతో ఒకే గీత గీయమన్నాడు. స్క్రూ కదిలితే గీత విడిపోతుంది. విడిపోతే ఎగరెయ్యొద్దన్నాడు.

ఆ గీత నేనే గీస్తాను. ఇంకొకరికి ఇవ్వను. మొన్న కుళాయి దగ్గర పక్కింటావిడ నా వేళ్ళు చూసింది.

"ఈ వయసులో ఎర్ర గోళ్ళరంగేంటి వదినా?"

"నాక్కాదు, స్క్రూలకి" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

నిన్న పొద్దున్న ఇంకో రైతు చేలో మిషను ఎగరేసేముందు చూస్తే, ఒక గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినట్టు కనిపించింది.

"గీసేటప్పుడు మీ చెయ్యి వణికిందేమోనండి."

"వణికే ఉంటది. విప్పి మళ్ళీ బిగించు."

కోడలు ఈసారి ఎగతాళి చెయ్యలేదు. విప్పి, జిగురు వేసి బిగించింది. అది ఆరేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. రైతు విసుక్కున్నాడు, విసుక్కోనిచ్చాం. నేను కొత్త గీత గీశాక తను వంగి చూసుకుని, "ఇప్పుడు మీరు చూడండత్తయ్యా" అంది. చూశాను. చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మిషను లేచింది. మోత బాగానే ఉంది. నేను మాత్రం కోడలికీ దానికీ మధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"అడ్డం లెండత్తయ్యా, కనపడట్లేదు" అంటోంది.

కొంచెమే జరిగాను.