ఎవుదోసియా వంతు

లీమా ఊరి చివర, కొండమీది ఆ వీధిలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందు తట్టేది ఎవుదోసియా తలుపే. ఆమె డాక్టరూ కాదు, మంత్రసానీ కాదు. మార్కెట్లో ఉల్లిపాయలు ఒలిచి పొట్టపోసుకునే మనిషి. కాకపోతే కోడిముక్కలకు మసాలా పట్టించడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఆపరేషన్‌కు డబ్బు కావాలంటే అక్కడ ఉన్న దారి ఒక్కటే, పొయాదా పెట్టడం. ముందే భోజనం చీటీలు అమ్మి, ఆదివారం నాడు వీధిలో మూకుడు ఎక్కించి, కోడిముక్కలు వేయించి, ఉడికిన బంగాళదుంపతో వడ్డించాలి. పాటలుండాలి, బీరుండాలి. రోగి గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ పలకరించాలి. ప్రాణం నిలుపుకోవడానికి పండగ చేయాల్సి రావడం ఎంత దిక్కుమాలిన సంగతో కొండ కింద ఉన్నవాళ్లకేం తెలుసు!

ఆ చలికాలం స్నానం చేస్తుంటే ఎవుదోసియా చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. ప్రభుత్వ ఆస్పత్రిలో చూడటం ఉచితమే. స్కానింగ్ మిషను మాత్రం పాడైంది, బయట చేయించుకు రమ్మన్నారు. ముక్క తీసి చేసే పరీక్షా బయటే. "ఆలస్యం చేయకమ్మా" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఇక తనూ పొయాదా పెట్టుకోవాల్సిందే అనుకుంటూ ఎవుదోసియా కొండెక్కింది.

ఆమె గుమ్మంలో పక్కింటి దెల్ఫీనా కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"అక్కా, మా అమ్మాయి యమీలేకి గుండెలో చిల్లుందట. పొయాదా పెడుతున్నా. మసాలా నీదే. నీ చెయ్యి పడితే చీటీలు వాటంతటవే అమ్ముడుపోతాయి."

ఎవుదోసియా నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఒకే వీధిలో వెంటవెంటనే రెండు పెడితే రెండూ మునుగుతాయి. ఎవరి జేబులో మాత్రం ఎంతని ఉంటుంది?

"ఏడవకే పిచ్చిదానా. పోయి వెనిగర్ పట్రా" అంది.

యమీలే బతికింది. తర్వాత ఇటుకలు మోసే మనిషి కిడ్నీల వంతొచ్చింది, ఆ తర్వాత ఎవరో ముసలాయన తుంటి ఎముకది. అందరికీ ముక్కలు నానబెట్టింది ఎవుదోసియానే. తన సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పాడు మొహమాటం! తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఎండలు వచ్చేసరికి ఆమె చెయ్యి పైకి లేవడం మానేసింది. ఇక కోసి లాభం లేదు, నొప్పికి మందులివ్వడమే అన్నారు ఆస్పత్రిలో. ఆ మందులూ బయటే కొనాలి. అప్పటికి తెలిసింది వీధికి. దెల్ఫీనా ఇల్లిల్లూ తిరిగి చీటీలు అమ్మింది. శనివారం తొట్టి ముందు కూర్చుని, ఎవుదోసియా చెబుతుంటే తనే మసాలా కలిపింది.

"చాలు చాలు, జీలకర్ర ఎక్కువైతే చేదొస్తుంది. ఇన్నిసార్లు తిన్నావు గానీ ఒక్కసారైనా చూసి నేర్చుకున్నావా?"

"నీ చెయ్యి ఎవరికొస్తుందిలే అక్కా." దెల్ఫీనా నవ్వింది. "అవునూ, ఆ గడ్డ మొదట ఎప్పుడు తగిలింది?"

"చలికాలంలో."

"చలికాలంలో అంటే ఎప్పుడు?"

"నువ్వు నా గుమ్మంలో కూర్చున్నావు చూడూ, ఆ రోజు నేను ఆస్పత్రినుంచే వస్తున్నా."

దెల్ఫీనా చేతులు ఆగిపోయాయి.

"ఒక్క మాట చెప్పొద్దూ తల్లీ!"

"చెబితే? నీ కూతురి పొయాదా ఆపేదానివా?"

ఆపేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కలుపు. వచ్చేసారి చెప్పడానికి నేనుండను" అంది ఎవుదోసియా.

చేతులనిండా ఎర్రమిరప ముద్ద ఉండటంతో దెల్ఫీనా కళ్లు తుడుచుకోలేక, అలాగే కలుపుతూ కూర్చుంది.