ఎడం పక్కే ఆడతానన్న చిన్నమామ

మొన్న ఆదివారం పొద్దున్న నేను వరండాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఉండగా మా పేట ఫుట్‌బాల్ జట్టు యువకులు కొందరు వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, చాప మీద వరసగా కూర్చున్నారు. ఇంకో జట్టు తీసేసిన ఆటగాడొకడు వీళ్ళ జట్టులో చేరతానంటున్నాడట. ఆట చూస్తే ముచ్చటేస్తుందట, నడత చూస్తే ఒళ్ళు మండుతుందట, తీసుకోవాలో వద్దో పాతకాలం మనిషిని గనక నన్నే చెప్పమన్నారు. ఆలోచించుకుని చెబుతానని పంపేశాను గాని, వాళ్ళు మెట్లు దిగకముందే నాకు మా చిన్నమామ గుర్తొచ్చాడు, గుర్తొచ్చిన మరుక్షణం కోపమూ వచ్చింది. మనిషి పోయి ఇన్నేళ్ళయినా ఆయన మీద నాకు కోపం రావడం మానలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ పంతొమ్మిదివందల ఇరవైల నాటి ఈ రంగూనులో వాన పడటం మొదలైతే ఫుట్‌బాల్ కూడా మొదలయ్యేది. మన ఊళ్ళనుంచి ఓడెక్కి వచ్చి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసేవాళ్ళం సాయంత్రమయ్యేసరికి పంచె ఎగగట్టి బురదలోకి దిగేవాళ్ళం. బూట్లు దొరలకు, కాళ్ళు మాకు. మా తెలుగువాళ్ళ జట్టుకు పెద్ద మా బావ, అంటే మా అక్క మొగుడు, రేవులో మేస్త్రి. ఆయన మాటంటే కూలీలకు ఎంత భయమో ఆటగాళ్ళకూ అంతే భయం. నేను మిల్లులో గుమస్తాను, జట్టుకు కార్యదర్శిని, ముందువరసలో ఎడం పక్క ఆడేవాణ్ణి. గొప్పగా ఆడేవాణ్ణని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. కాని నాది ఎడం కాలి వాటం, పైగా జ్వరం వస్తే తప్ప ఒక్కరోజూ మానింది లేదు.

చిన్నమామ మా అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకన్నా కొంచెమే పెద్ద. రంగూను పక్కనే ఇన్సేన్‌లో ఒక ఇనుప కార్ఖానాలో పనిచేస్తూ ఆ కార్ఖానా జట్టుకు కుడి పక్క ఆడేవాడు. ఆయన ఆట ఎలా ఉండేదో చెప్పమంటే నాకు చేతకాదు. బంతి కాలికి తగిలాక ఆయన తొందరపడేవాడు కాదు, చుట్టూ ఉన్నవాళ్ళే తొందరపడి జారిపడేవారు. మన తెలుగువాళ్ళే కాదు, బర్మావాళ్ళు కూడా ఆయన ఆట ఉందంటే గొడుగులు వేసుకుని వచ్చి నిలబడేవారు. అలాంటివాణ్ణి ఆ జట్టు ఒకనాడు తీసేసింది. తాగి వస్తున్నాడు, కాలి దగ్గరికి వచ్చిన బంతి కూడా వదిలేస్తున్నాడు, అడిగితే కొట్లాటకు వస్తున్నాడు అన్నారు. జట్టు పోతే కార్ఖానాలో పనీ పోయింది. చేతిలో ఒక ట్రంకుపెట్టెతో వచ్చి మా ఇంట్లో దిగాడు.

ఆయన్ను మా జట్టులోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ ఏడు తొలకరి పొడుగునా మా ఇంట్లో నలిగింది. అన్నం దగ్గర అదే, అరుగు మీద అదే, ట్రాములో పక్కన కూర్చున్నవాడూ అదే అడిగేవాడు. మా పెదనాన్న ససేమిరా వద్దన్నాడు. తాగుబోతును తెచ్చి కుర్రకారు మధ్య కూర్చోబెడితే ఒక్క వానాకాలంలో జట్టంతా కల్లుదుకాణంలో తేలుతుందన్నాడు. మా బావకు మాత్రం ఒకటే యావ, కార్ఖానా జట్టును ఒక్కసారైనా ఓడించాలి, అది చిన్నమామ ఉంటేనే అవుతుంది. నాకూ వద్దనే ఉంది. మనిషి సంగతి ఇంట్లో చూస్తున్నవాణ్ణి. చెప్పిన వేళకు ఎక్కడికీ రాడు, పొద్దెక్కేదాకా లేవడు, నా లుంగీ కట్టుకుపోయి ఏటవతల తన్లిన్‌లో, అప్పట్లో సిరియం అనేవాళ్ళం, కోడిపందాలు చూస్తూ కూర్చుంటాడు. కాని నేనెలా వద్దనగలను? ఆయన వస్తూనే తాను కుడి పక్క ఆడననీ, ఎడం పక్కయితేనే ఆడతాననీ పేచీ పెట్టాడు. ఎడం పక్క నాది. నేను వద్దంటే నా చోటు పోతుందని ఏడుస్తున్నాడంటారు. మూడు పేటలు మెచ్చుకున్న కుడి పక్క వదిలేసి ఎడం పక్కకు రావడం ఏం తలబిరుసో నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండిపోతున్నా సరేనన్నాను. కార్యదర్శినని చెప్పి ఆయన్ను ఆటకు తీసుకువచ్చే పని కూడా నా నెత్తినే పెట్టారు.

ఆ పని ఎలాంటిదో చేసినవాడికే తెలుస్తుంది. మిల్లునుంచి వచ్చి ఒక గుక్క టీ తాగానో లేదో, ఈయన ఎక్కడున్నాడో వెతకడానికి బయలుదేరాలి. ఒకరోజు రేవులో సంపాను పడవ మీద పడుకుని ఉంటాడు, ఇంకొకరోజు మంగలి దగ్గర కబుర్లలో ఉంటాడు, ఇంకొకరోజు పగోడా మెట్ల మీద పూలమ్మే అమ్మాయిలకు తన గొప్పలు చెబుతూ ఉంటాడు, అదీ ఆయనకొచ్చిన నాలుగు బర్మా మాటలతో. వస్తున్నానల్లుడూ, నువ్వు నడుస్తూ ఉండు అనేవాడు. ఆ మాట నమ్మి నేను నడిచిన ప్రతిసారీ బావ చేత తిట్లు తిన్నాను. తీరా మైదానంలోకి దిగాక మాత్రం ఆయన్ను ఏమనడానికీ ఉండేది కాదు. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, నా చోట్లో ఆయన ఆడుతుంటే, పళ్ళు కొరుక్కుంటూనే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ ఏడు మేము గెలుస్తూ పోయాం. మా పెదనాన్న కూడా చూడటానికి రావడం మొదలెట్టాడు, వచ్చి తలపాగా తడిసిందని మమ్మల్నే కోప్పడేవాడు.

ఆఖరికి కార్ఖానా జట్టుతో ఆట వచ్చింది. ఆ పొద్దున్నే మా కుడి పక్క ఆడేవాడు చలిజ్వరంతో పడుకున్నాడు. మా బావకు విచారం బదులు సంతోషమే కలిగింది. చిన్నమామ తన పాత కుడి పక్కకు, నేను నా ఎడం పక్కకు, దేవుడే సర్దాడన్నాడు. చిన్నమామ ఆడనన్నాడు. బావ గట్టిగా అడిగాడు, ఆయన ఇంకా గట్టిగా ఆడనని చెప్పి పైపంచె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వెతుకులాట నాదే.

ఆటకు వేళవుతుండగా రేవు పక్కన కనిపించాడు. మొహింగా అమ్మే బర్మా అవ్వ బల్ల ముందు తీరిగ్గా కూర్చుని, వేడివేడి చేపల పులుసు సేమ్యాల మీద పోయించుకుని ఊదుకుంటూ తింటున్నాడు. అక్కడ జట్టంతా బురదలో నిలబడి ఎదురుచూస్తుంటే ఇక్కడ ఈయన ఇంకాస్త ఉల్లిపాయ అడుగుతున్నాడు. తాగాడేమోనని దగ్గరికెళ్ళి వాసన చూశాను. తాగలేదు. నాకు అది ఇంకా కోపం తెప్పించింది. తాగి ఉంటే ఒక కారణమైనా ఉండేది.

“ఎడం పక్కయితే ఇప్పుడే నెగిసి వొస్తాను అల్లుడూ. కుడి పక్క మాత్రం ఆడను. ఎందుకేటని అడక్కు,” అన్నాడు, తల ఎత్తకుండా.

అడిగితే చెప్పే మనిషి కాదు. నేను ఎడం కాలి వాటం వాణ్ణి, పుట్టి బుద్ధెరిగాక కుడి పక్క ఆడినవాణ్ణి కాదు, అయినా నేను కుడి పక్క ఆడతాను రమ్మని లాక్కుపోయాను. బావ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వాదించడానికి వేళ లేదు, ఈల ఊదడానికి వచ్చిన బర్మా మాస్టారు అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ఆట చాలాసేపు సమంగా నడిచింది. నేను కుడి పక్క ఎంత అవస్థపడ్డానో చెప్పుకోవడం అనవసరం. ఇంక కాసేపట్లో అయిపోతుందనగా బంతి ఎడం గీత దాటిపోతే, మావాడే ఒకడు గీత బయటనుంచి దాన్ని రెండు చేతులతో చిన్నమామ కాళ్ళ దగ్గరికి విసిరాడు. చిన్నపిల్ల కూడా ఆపగలిగిన బంతి. చిన్నమామ దానికేసి చూడనైనా చూడలేదు. అది ఆయన ఎడమ మోకాలి పక్కనుంచి దొర్లిపోతుంటే ఆయన ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. కార్ఖానా వాడొకడు దాన్ని అందుకుని పోయి గోలు కొట్టేశాడు. గట్టు మీద జనం తాగుబోతు తాగుబోతు అని అరిచారు. మేము ఓడిపోయాం.

మర్నాడు సాయంత్రం మా అరుగు మీద అందరూ కూర్చున్నారు. ఆయన్ను తీసెయ్యడానికే ఆ కూర్చోవడం. పెదనాన్న ముందే చెప్పానన్నాడు. బావ తాగి వచ్చావా అని అడిగితే చిన్నమామ అవునన్నాడు. నేను వాసన చూశాను, తాగలేదు అన్నాను. తాగేను, ఈడికేటి తెలుసు అన్నాడాయన. తన మీద పడ్డ నిందను తానే పట్టుకుని వదలకపోతే ఏం చెయ్యాలి? నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు తలుపు చాటునుంచి మా అమ్మ మాట్లాడింది. ఆ రోజుల్లో అత్తగారు అల్లుడి ముందు పడి మాట్లాడే ఆచారం లేదు. మా అక్క పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మా బావతో సూటిగా ఒక్క మాట అనగా నేను వినలేదు.

“ఆడి ఎడం కన్ను కానదు బాబూ,” అంది. “ఆ పక్క సెంబు ఎడితే తడుంకుంటన్నాడు. కంచం ఆ పక్కకి జరిపితే కూర ఎతుక్కుంటన్నాడు. వొచ్చిన కాడినుంచీ సూస్తన్నాను.”

చిన్నమామ లేచి నిలబడ్డాడు. ఆయన కోపమంతా తన అక్క మీద, అంటే మా అమ్మ మీద.

“నువ్వెందుకు సెప్పేవప్పా?” అన్నాడు. “తాగుబోతంటే రేపయినా మానేస్తాడేమోనని ఎవులో ఒకరు పిలుస్తారు. కన్ను నేదంటే ఎవులు పిలుస్తారు? ఆటకేటి, మూట మొయ్యడానికి పిలుస్తారా?”

అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. కార్ఖానాలో పనిచేస్తుండగా ఇనుప రజను ఎగిరి కంట్లో పడిందట. ఊరుకుంటే పోతుందనుకున్నాడట, చూపే పోయింది. కుడి పక్క ఆడేవాడికి మైదానమంతా ఎడం చేతివైపు ఉంటుంది, అటువైపు ఆయనకు చీకటి. అందుకే వచ్చిన బంతులన్నీ వదిలేశాడు. ఎడం పక్క నిలబడితే మైదానం కుడివైపుకు వస్తుంది, మంచి కంటికి అంతా కనబడుతుంది, చీకటి గీత బయటికి పోతుంది. అందుకే నా చోటు అడిగాడు. గీత బయటనుంచి విసిరిన ఆ ఒక్క బంతి చీకట్లోంచి వచ్చింది. ఇదంతా మొదటిరోజే నా చెవిలో ఒక్క మాట వేసి ఉంటే నేను ఆ వానాకాలమంతా ఆయన్ను తిట్టుకుంటూ గడిపేవాణ్ణా? ఈ ప్రశ్న ఆయన్నే అడిగాను. నీ తిట్లకేటిలే, అలవాటైపోయింది అన్నాడు.

పెదనాన్న మా బావ వైపు తిరిగి, అయితే ఇప్పుడేం చేద్దామన్నాడు.

“ఏటున్నాది సెయ్యడానికి,” అన్నాడు బావ. “ఆడి ఎడం పక్కనించి ఎవుడూ బంతి ఇసరకండి. అదే సెయ్యడం.”

రేవులో మాత్రం ఆయన్ను బరువుల దగ్గరికి పంపకుండా తాళ్ళు చుట్టే పనిలో పెట్టుకున్నాడు. మరుసటి వానాకాలం కూడా చిన్నమామ మా జట్టులోనే ఎడం పక్క ఆడాడు. నేను కుడి పక్క నేర్చుకున్నాను, అది మీరనుకునేంత సులువు కాదు. కప్పు మాకు ఎప్పుడూ రాలేదు గాని, కార్ఖానా జట్టును ఒకసారి ఓడించాం. వాన జోరుగా పడుతుంటే నేను కుడి పక్కనుంచి అడ్డంగా కొట్టిన బంతి మైదానమంతా దాటి ఆయన కాలి దగ్గరికి పోయింది, ఆయన తొందరపడలేదు. మా బావ, కూలీలందరూ చూస్తుండగా, బురదలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దాంతో మనిషి బాగుపడ్డాడని రాయాలని నాకూ ఉంది. బాగుపడలేదు. కన్ను సంగతి తెలిశాక ఒక వారం ఎవరికీ ఆయన్ను ఏమీ అనడానికి నోరు రాలేదు, ఆ వారం చూసుకుని ఆయన మరీ ఆలస్యంగా వచ్చాడు. తాగుడు అబద్ధమనుకున్నారేమో, అంతా అబద్ధం కాదు. కన్ను పోయాక మొదలైన తాగుడు కన్ను సంగతి బయటపడితే మాత్రం ఎందుకు పోతుంది? వెతకడం నాకు తప్పలేదు, తిట్లు ఆయనకు తప్పలేదు. తరవాత తన్లిన్‌లో ఒక బర్మా ఆవిణ్ణి పెళ్ళిచేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆదివారం వస్తానని కబురు పంపేవాడు, మా అమ్మ ప్రతి ఆదివారం చేపలు తెప్పించేది, ఆయన మంగళవారం వచ్చేవాడు. యుద్ధం వచ్చినప్పుడు బావా అక్కా అందరితో పాటు కొండలు దాటి నడిచి వెళ్ళిపోయారు, నేను రంగూనులోనే ఉండిపోయాను. చిన్నమామను రమ్మంటే రానన్నాడు, ఎందుకని అడగొద్దన్నాడు. బాంబులు పడ్డ రోజుల్లో ఏదో జ్వరంతో పోయాడని చాలాకాలానికి తెలిసింది.

మా మైదానంలో ఇప్పుడు గిడ్డంగులు లేచాయి. ఆటగాళ్ళకు ఇప్పుడు బూట్లున్నాయి, డాక్టరు పరీక్ష ఉంది, పనికిరాడంటే మర్నాడే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. తప్పని నేననను, ఆట బాగుపడింది, చూస్తూనే ఉన్నాను. మేమేమో ఒక్క మనిషి కోసం ఒక వానాకాలమంతా అన్నాలు చల్లారబెట్టుకుని పోట్లాడుకున్నాం. వదిలేస్తే పోయేదానికి వదలకుండా, తిట్టుకుంటూ, రేవుల వెంబడి వెతుక్కుంటూ తిరిగాం. ఆ కుర్రాళ్ళు మళ్ళీ వస్తే, తీసుకోండి, తిట్టుకుంటూనే తీసుకోండి అంటాను. ఆ రోజుల్లో నా బతుకంతా ఈయన్ను వెతకడంతోనే సరిపోయిందని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు సాయంత్రాలు బోలెడంత తీరిక. ఎవరూ ఆలస్యంగా రారు, ఎవరి కోసమూ నేను చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళాల్సిన పని లేదు.