ఇంటి మార్కులు

మల్టీమీడియా కోర్సు అంటే మా కోరుట్లలో చాలామందికి తెలిసింది రెండే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం, ఫ్లెక్సీల మీద లీడర్ల ఫోటోలు అతికించడం. మా అమ్మకు అదీ తెలియదు. ‘కంప్యూటర్ల బొమ్మలు జేసే సదువు’ అని వాడకట్టులో చెప్పుకునేది. అమ్మ బీడీలు చేస్తుంది. పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల పోయి, సాయంత్రం ఎర్రబడ్డ కళ్లతో ఇల్లు చేరే నన్ను చూసి, “ఈసారి గిన తప్పినవనుకో, అచ్చి నా పక్కకు కూసో. బీడీల చాట నేనే కొనిస్త” అనేది. అది వేళాకోళం కాదు. అప్పటికే నేను ఒకసారి తప్పి ఉన్నాను.

మా మేడమ్‌ది జగిత్యాలే. ఇంట్లో ఉర్దూ, క్లాసులో మా తెలుగే. మా పనికి ఆమె మార్కులు వేసే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. ముందు సౌండ్ తీసేసి వీడియో చూసేవారు. తర్వాత కుర్చీ గోడవైపు తిప్పుకుని, బొమ్మ చూడకుండా సౌండ్ ఒక్కటే వినేవారు. ఆ తర్వాతే రెండూ కలిపి. మార్కు ఎందుకు కోశారో అందరి ముందూ చెప్పేవారు. మేం ఎదురు మాట్లాడొచ్చు. ఫైల్ తెరిచి చూపించి ఒప్పిస్తే, కోసిన మార్కు మళ్లీ వేసేవారు. నాలాంటి నోరుగలదానికి ఇంతకన్నా ఏం కావాలి?

చివరి ప్రాజెక్టు, ఇంట్లో ఒకరు చేసే పని మీద చిన్న ఫిల్మ్. అందులో పది మార్కులు మేడమ్ చేతిలో ఉండవు. ఫిల్మ్ ఎవరి మీద తీశామో వాళ్లే వచ్చి, చూసి, వేయాలి. వాటిని మేం ఇంటి మార్కులు అనేవాళ్లం.

“కాకి పిల్ల కాకికి ముద్దు గదా మేడమ్, అందరు పదికి పదే ఏస్తరు” అన్నాను.

“ఏసుకోనియ్యి బేటా. నువ్వు ఎవలను కెమెరల పెట్టినవో ఆళ్లకు సూపెట్టకుంట, నీకు నేనెట్ల మార్కులేసేది?” అన్నారు.

నేను అమ్మ బీడీలు చేయడం తీశాను. తునికాకు కత్తిరించే చేతులు, ఆకులో తంబాకు నింపి చుట్టే వేళ్లు, వెనక పిల్లనగ్రోవి పాట. అద్భుతం అనుకున్నాను. మేడమ్ గోడవైపు తిరిగి విన్నారు. విని, “మీ ఇంట్ల పిల్లనగ్రోవి ఎవలు ఊదుతరు?” అని అడిగారు. క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“చూసినోళ్లకు దుఃఖం రావాల్నని పెట్టిన మేడమ్.”

“మీ అమ్మ ఏడ్సుకుంట జేస్తదా?”

ఏడవదు. టీవీ సీరియల్ చూస్తూ, అందులోని అత్తను నోటికొచ్చినట్టు తిడుతూ చేస్తుంది. కోపం దిగాక మేడమ్ మాటే నిజమనిపించింది. మేం మార్చి తెచ్చుకోవడానికి ఆమె టైం ఇచ్చేవారు. పిల్లనగ్రోవి తీసేసి, కత్తెర చప్పుడు, సీరియల్ గోల, అమ్మ తిట్లు రికార్డు చేసి పెట్టాను. ఈసారి గోడవైపు తిరిగి వింటున్న మేడమ్ భుజాలు నవ్వుతో కదులుతుంటే చూసి, ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మార్కులు పెరిగాయి. అయినా పాత ప్రాజెక్టుల్లో బాగా తక్కువ రావడం వల్ల, పాసు కావాలంటే ఇంటి మార్కులు పదిలో ఆరన్నా రావాలి. ఆ సంగతి ఇంట్లో చెప్పొద్దని మేడమ్ ఒట్టు పెట్టించుకున్నారు. “చెప్తె గవి మార్కులు గావు, దానం” అన్నారు.

ఇంటి మార్కులు వేసే రోజు నా స్నేహితురాలి నాన్న సిరిసిల్ల నుంచి వచ్చాడు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మనిషి. తన సాంచె చప్పుడు క్లాసులో వినపడగానే కళ్లు తుడుచుకుని, “మా బిడ్డ తీసింది, పది” అని కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్లూ పదే వేశారు.

మా అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. ఫిల్మ్ చూసింది. “సౌండ్ లేకుంట ఇంకోపారి ఎయ్యుండ్రి” అంది. మళ్లీ చూసింది.

“బీడీ మూతి ముడిసేది లేదు ఇండ్ల. గాడనే గదా మా పని తెలిసేది. దానికి రెండు కోస్తున్న” అంది. ఎనిమిది, అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. “నడుం పట్టి, లేసి గోడకు నిలవడ్త గదా, గది లేదు. దానికొకటి.”

స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేడమ్ ఊరుకోవచ్చు కదా! “ఇంకేమన్న ఉన్నదా అమ్మా?” అని అడిగారు.

అమ్మ తెర వైపు ఇంకోసారి చూసింది. “లేదు. నా తిట్లు మంచిగచ్చినయి. ఏడు.”

“అందరు పదేసిండ్రు. మీరు ఏడేసిండ్రేంది?”

“కార్ఖానల మేం జేసిన బీడీలు తీసి అవుతల పారేస్తరు మేడమ్. ఎందుకు పారేస్తున్నరో ఒక్కనాడు చెప్పరు. చెప్తె మంచిగ జేసుకుందుము గదా. నా బిడ్డకన్న చెప్పాలె.”

మేడమ్ ఏడు వేశారు. వేసి, కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు. అప్పుడు సౌండ్ ఏదీ నడవడం లేదు.

తిరుగు బస్సులో అమ్మకు సంగతంతా చెప్పేశాను. ఆరు రాకపోతే తప్పేదాన్నని, ఆమె ఇంకో రెండు కోసి ఉంటే చాట కొనాల్సి వచ్చేదని.

“అమ్మో” అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

“ముందుగాల తెలుస్తే పదేద్దువా?” అని అడిగాను.

అమ్మ ఆలోచించింది. “ఏడే ఏద్దును” అంది.