జోడు లేని పాట

ఎరువుల ఆఫీసులో గుమాస్తా అయిన రూబీకి కళ్లజోడు తీస్తే ఎదుటి మనిషి మసక రంగైపోయేవాడు. అయినా ఆదివారం చర్చిలో పాట పాడటానికి ముందుకొచ్చిందంటే, కొంగు తలమీదికి లాక్కుని, ఆ జోడు తీసి బైబిలు మీద పెట్టేది. జనం కనబడకపోతేనే ఆమె గొంతు పెగిలేది. సింగపూర్‌లో నర్సుగా ఉన్న చెల్లెలు మెర్సీ పట్టుబట్టి అక్కడికి పిలిపించుకుని, జోడు అక్కర్లేకుండా కళ్లకి లేజర్ ఆపరేషన్ చేయించింది. "ఆ లేజరేదో కాకినాడలో చెయ్యరాండీ?" అన్నవాళ్లకి, "చేస్తారండీ. పక్కన కూర్చునే చెల్లెలు ఇక్కడ లేదు కదండీ" అని రూబీ నవ్వేది. తిరిగొచ్చాక మొదటి ఆదివారం హార్మోనియం మోగగానే రూబీ చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికెళ్లి, తీయడానికేమీ లేక ఊరికే దిగొచ్చింది. ఇంతమంది జనం, ఇన్ని కళ్లు! కొంగు కళ్లమీదికి లాక్కోబోతూ, మగవాళ్ల వైపు చిట్టచివరి బెంచీలో భర్తని చూసింది. "నీ పాటకేం గానీ, కూర సంగతి చూడు" అని ప్రతి ఆదివారం విసుక్కునే రాజరత్నం, ఆమె ఇంకా ఎత్తుకోని పల్లవికి అప్పుడే పెదాలు కదుపుతున్నాడు. రూబీ కొంగు వదిలేసి, ఆ పెదాల్నే చూస్తూ పాట అందుకుంది.