కూత వేయని ఓడ

వాల్‌ఫ్రిడ్ ముప్పై ఒక్క ఏళ్లు స్టీలు కంపెనీ ఓడలో చుక్కాని పట్టాడు. ఇనుపరాయి నింపుకుని సరస్సుల మధ్య తిరిగే ఆ ఓడ, వాటిని కలిపే నది ఒడ్డున అతడి ఇంటిని దాటినప్పుడల్లా మూడు పొడుగు కూతలు, రెండు పొట్టి కూతలు వేసేది. భార్య ఎల్మా వాకిట్లోకొచ్చి భోజనాల బల్ల మీది గుడ్డ ఊపేది.

కంపెనీ ఓడలన్నిటినీ తుక్కుకి అమ్మి చేతులు దులుపుకుంది. ఇవాళ మధ్యాహ్నం అతడి ఓడని టగ్గు పడవ ఈడ్చుకుపోతోంది. ఎల్మా గుడ్డతో బయటికొచ్చింది.

"ఎవరికే ఊపుతావు? అందులో పురుగు కూడా లేదు," అని కసిరాడు వాల్‌ఫ్రిడ్.

"ఇన్నాళ్లూ నీకనుకున్నావా? దానికే. నోర్మూసుకుని చెయ్యెత్తు."

ఎత్తాడు. బాయిలరు చల్లారిన ఓడ కూత వేయలేదు.

అది మలుపు తిరిగేదాకా చూసి అతడు లోపలికి వెళ్లేసరికి, ఓడ దాటిపోయాక ఎప్పుడూ చేసినట్టే, ఎల్మా భోజనాల బల్ల మీద ఒక్క కంచమే పెట్టింది.