గని గడిలో బావ బిళ్లలు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా బావ పిడికిలి విప్పితే పసుపు రంగు బిళ్లలు ఎనిమిది రాలాయి. ఆయన దగ్గరున్నవన్నీ అవే. ఆటలో వేలానికి వచ్చింది గని. నా గుప్పిట్లో మూడే ఉన్నాయి. వంటింటి గడపలో నిలబడ్డ అక్క అది చూసి లోపలికి వెళ్లిపోయింది.

బావ శ్రీరాంపూర్‌లో ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు గనిలోకి దిగినవాడు. ఊపిరితిత్తులు పాడై, డాక్టర్లు అన్‌ఫిట్ అని రాశాక ఇంట్లో కూర్చున్నాడు. పొద్దు గడవడానికి మా అమ్మాయి ఈ ఆట కొనిచ్చింది. పాతకాలపు రాజుల ఆట. అట్ట మీద పొలం, అడవి, గని గడులుంటాయి. ఒక్కొక్కటీ వేలానికి వస్తుంది. ధాన్యం బిళ్లలు గుప్పిట్లో దాచి ఇద్దరమూ ఒకేసారి విప్పాలి. ఎక్కువ పెట్టినవాడు అక్కడ తన కొయ్య మనిషిని దించి సరుకు తెచ్చుకుంటాడు. ఇనుము లేనిదే కోట లేవదు. ఇనుము గనిలోనే దొరుకుతుంది. రెండేళ్లు ఆడినా బావ గనికి ఒక్క బిళ్ల పెట్టలేదు. ప్రతిసారీ ఓడేవాడు.

"బాయిల నా మనిషిని దింపను బామ్మర్దీ. నీ కోట నువ్వే ఏలుకో," అనేవాడు, నవ్వుకూ దగ్గుకూ మధ్య. గనిని ఆయన బాయి అనే అంటాడు.

"కట్టెబొమ్మకు గూడ దమ్మొస్తదా బావా?"

"రాదని రాసిస్తవా?"

అన్‌ఫిట్ అయినవాడి గని ఉద్యోగం కొడుకుకు ఇస్తారు. దానికి తండ్రి సంతకం కావాలి. మేనల్లుడు డిగ్రీ చేసి ఏళ్ల తరబడి పరీక్షలు రాశాడు, ఏదీ రాలేదు. వయసు పరిమితి దగ్గర పడింది. అక్క రోజూ దరఖాస్తు తెచ్చి ముందు పెట్టేది. బావ దాన్ని మడిచి మళ్లీ బీరువాలో పెట్టేవాడు.

ఆ రోజు గని దక్కాక, కొయ్య మనిషిని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి గడిలో నిలబెట్టాడు.

"నిన్న సంతకం పెట్టిన," అన్నాడు.

"మంచిగైంది బావా," అన్నాను.

"మంచిగనే అయింది. మీ అక్క రాత్రి నిమ్మలంగ పన్నది."

నా వంతు వచ్చింది కానీ ఆడనివ్వలేదు. "పిలగాని నౌకరి ముచ్చట తేలనియ్యి," అన్నాడు. అట్టను బిళ్లలతో సహా బీరువా మీదికి ఎక్కించాం.

ఏడాది కావస్తోంది. కొడుకుకు ఉద్యోగం రావాలని అక్క ప్రతి శనివారం ఉపవాసం ఉంటోంది. బావ ఏం కోరుకుంటున్నాడో నేను అడగలేదు. ఉత్తర్వు ఇంకా రాలేదు. మేనల్లుడికి వయసు దాటడానికి నాలుగు నెలలున్నాయి. ఆ తర్వాత వస్తే చెల్లుతుందా అంటే ఎవరూ తేల్చి చెప్పడం లేదు.